వాడికి వేయకండి

ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆవిడ ఉల్లిపాయల పాకలోకి అడుగుపెట్టింది. లోపలంతా కుళ్లు వాసన.

"ఈసారి మీ ఇంట్లో ఎవరూ వాడికి ఓటు వేయకండి తమ్ముడూ," అంది, కూర్చోకుండానే.

పాక యజమాని తలెత్తలేదు. గట్టి పాయల్ని ఒక పక్కకి, మెత్తబడ్డవాటిని ఇంకో పక్కకి విసురుతున్నాడు. మెత్తవాటి కుప్పే పెద్దది.

ధర ఉన్న రోజుల్లో ఊరంతా తమ నాయకుణ్ణి "ఆయన" అనేది. గిట్టుబాటు ధర ఇప్పిస్తానంటే నమ్మి గెలిపించింది. ఈ ఏడు పంటకి కోత కూలి కూడా రాలేదు. పక్క ఊళ్లో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. అతని తమ్ముళ్లు మార్కెట్ యార్డు దగ్గర నాయకుడి జీపు మీద రాళ్లు వేశారు. ఇప్పుడు అందరి నోటా "వాడు" అనే మాటే. ఆవిడ నోటా అదే.

"ధర పడిపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడక్కా," అన్నాడు పాక యజమాని, నేలచూపులు చూస్తూ.

"చేయలేనివాడు మాటెందుకిచ్చాడు?"

అతని భార్య అందుకుంది. "ఉల్లిపాయ కోయకుండానే ఊరందర్నీ ఏడిపించాడు," అనేసి నాలుక కరుచుకుంది. ఆ వెంటనే అనుమానంగా చూసింది. "మా మనసులో ఏముందో లాగడానికొచ్చావా వదినా?"

కాదని ఆవిడ ఒట్టేసింది. వాడు మళ్లీ గెలిస్తే ఇంకో ఇంట్లో ఏడుపులు తప్పవని, ఆ భయంతో తనకి కంటిమీద కునుకు లేదని చెప్పింది.

గడప గడపకీ తిరిగి ఇదే చెప్పింది. కొందరు మంచినీళ్లిచ్చి మాట మార్చారు. కాటా వేసే మనిషైతే ఆవిడ రావడం చూసి తలుపేసుకున్నాడు. టీకొట్టు ముసలాయన మాత్రం, నీ అంత గట్టిగా ప్రచారం చేసేవాళ్లు అవతలి పార్టీలో కూడా లేరమ్మా అని నవ్వాడు.

లెక్కింపు రోజున ఆ నాయకుడికి డిపాజిట్ కూడా దక్కలేదు. పోయినసారి ఆయన మెడలో దండలు వేసినవాళ్లే వీధిలో టపాకాయలు కాల్చి చిందులేశారు. ఒక్కొక్కటి పేలినప్పుడల్లా ఆవిడ ఉలిక్కిపడింది. తలుపు సందులోంచి వీధి చివరికి చూస్తూ అలాగే నిలబడిపోయింది.

సాయంత్రానికి గోల సద్దుమణిగాక, ఓడిపోయిన నాయకుడు ఒంటరిగా నడిచొచ్చి, తన ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచి, తలుపు తీసిన ఆవిడతో "ఆకలేస్తోందే అమ్మా" అన్నాడు.