పదోవాడు

"తొమ్మిదిమందే."

ముత్తన్న వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెట్టాడు. ఎన్నిసార్లు మడిచినా ఒక వేలు మిగిలిపోతోంది.

బహ్రెయిన్‌లో, మనామాలోని యూదుల శ్మశానంలో నయీమ్ సేఠ్ కోసం తవ్విన గుంట ముందు తెల్లగుడ్డ చుట్టిన ఆయన శవం ఉంది. శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటింది. పొద్దుగూకితే వాళ్ళ విశ్రాంతి దినం మొదలవుతుంది, రేపంతా మట్టిచెయ్యడానికి లేదు. ఎల్లుండిదాకా శవాన్ని ఉంచడం వాళ్ళ పద్ధతి కాదు. పోయినవాళ్ళ కోసం కద్దిష్ అని ఒక ప్రార్థన ఉంది. అది చదవాలంటే యూదు మగవాళ్ళు పదిమంది నిలబడాలి. పదోవాడు కావాల్సిన కొడుకు సలీమ్, యుద్ధంతో విమానాలు ఆగిపోయి లండన్‌లోనే చిక్కుబడ్డాడు.

రిఫాలో సేఠ్ ఇంట్లో ముత్తన్న ఇరవై రెండేళ్ళు వంట చేశాడు. ఆఖరి వారం సేఠ్ అతని చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు, ఆ ప్రార్థన చదవకుండా తనమీద మట్టి వెయ్యనివ్వొద్దని. వంటవాణ్ణి అడిగాడంటే అడగడానికి ఇంకెవరూ లేకనే.

"మాకైతె మోసెటందుకు నలుగురుంటె సాలు తమ్మీ. వీళ్ళకు పదిమంది గావాలె," అన్నాడు ముత్తన్న, పక్కనున్న యెహోషువతో.

యెహోషువ సేఠ్ కారు డ్రైవరు. ఊరు గుంటూరు దగ్గర. రెండేళ్ళ క్రితం తెలుగు ఫెలోషిప్ పాస్టరుగారి మాటసాయంతో ఈ పనిలో కుదిరాడు. వచ్చే నెల అదే ఫెలోషిప్‌లో క్రిస్టీనాతో పెళ్ళి. కారు అద్దానికి సిలువ కట్టుకున్నాడు. నెమ్మదస్తుడు. సేఠ్ ఇంట్లో వండని రొయ్యల కూర ముత్తన్న తన గదిలో ప్రేమగా వండిపెడితే మాత్రం "ఒంటికి పడదన్నా" అని పక్కకి జరిపేవాడు.

గుంట దగ్గర గొడవ మొదలైంది. విమానాలు ఆగకముందే లండన్‌నుంచి వచ్చిన సేఠ్ కూతురు డైసీ నల్లబట్టల్లో ముందుకొచ్చింది.

"పదోమనిషిని నేనున్నాను. కూతుర్ని. నన్ను లెక్కపెట్టండి."

"మన పద్ధతిలో మగవాళ్ళే అమ్మా," అన్నాడు పెద్దాయన ఖదూరీ.

"లండన్‌లో మా గుడిలో ఆడవాళ్ళనీ లెక్కపెడతారు!"

"అది లండన్."

ఆమె చేతిలోని ఫోన్లో సలీమ్ ఏడుస్తూ అడుగుతున్నాడు. "నేను కనిపిస్తున్నాగా అంకుల్, నన్నయినా లెక్కపెట్టండి."

"కనిపిస్తే చాలదు బాబూ. మనిషి ఇక్కడ నిలబడాలి." అన్నాడు ఖదూరీ, ఫోన్ వైపు వంగి.

ముత్తన్న యెహోషువ చొక్కా పట్టి పక్కకి లాగాడు.

"నువ్వు నిలవడు తమ్మీ. పేరు వాళ్ళ పేరే గద. యూదున్నే అను. ఒక్క మాట. ఏమైతది?"

"గట్టిగా అనకన్నా!" యెహోషువ గోడవైపు చూశాడు. "రోజులు బాగోలేదు. యూదుల కారు నడుపుతున్నావంట, జాగ్రత్త అని సిత్రా లేబర్ క్యాంపులో ఉండే మా ఊరివాళ్ళు నిన్నే ఫోన్ చేశారు."

"గీ గోడల్నడుమ ఎవడు ఇంటడు?"

"పాస్టరుగారికి తెలిస్తే? క్రిస్టీనా వాళ్ళ నాన్నకి తెలిస్తే? పెళ్ళి ఆగిపోద్దన్నా."

"సేఠ్ నీకేం తక్కువ జేసిండురా? నీకు జరమొస్తె పక్కన గూసున్నడు గద!"

యెహోషువ కళ్ళు తుడుచుకున్నాడు గానీ కదల్లేదు.

ఖదూరీ వాళ్ళిద్దర్నీ గమనిస్తూనే ఉన్నాడు. కర్ర పొడుచుకుంటూ వచ్చి యెహోషువ ముందు నిలబడ్డాడు.

"నీ పేరేంటి?" అని హిందీలో అడిగాడు.

"యెహోషువ సాబ్."

"మా పేరే. మావాడివా?" ముసలాయన ఇంకో అడుగు దగ్గరికొచ్చాడు. "ఔనను. తాతముత్తాతల గురించి నేనేమీ అడగను. ఈ పూటకి నీ మాటే చాలు."

తొమ్మిదిమందీ ఇటే చూస్తున్నారు. డైసీ చూస్తోంది. ఫోన్లో సలీమ్ చూస్తున్నాడు. ముత్తన్న మనసులోనే కొండగట్టు అంజన్నకి మొక్కుకున్నాడు, ఔనంటే చాలని.

"కాదు సాబ్," అన్నాడు యెహోషువ. "నేను క్రిస్టియన్ని."

ఖదూరీ అతని భుజం తట్టాడు. "మంచివాడివి. అబద్ధం ఆడలేదు."

నయీమ్ సేఠ్‌ని ఆ ప్రార్థన లేకుండానే గుంటలోకి దించారు. తలో పిడికెడు మట్టి వేశారు. డైసీ వేయలేక కూలబడిపోయింది. ఇచ్చిన మాట తన కళ్ళముందే మట్టిలో కలిసిపోతుంటే ముత్తన్న ఏమీ చెయ్యలేక నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళు ఉప్పు తిని ఆఖరికి చేసింది ఇదా అని వెక్కివెక్కి ఏడ్చాడు.

యెహోషువ అందరికంటే ముందు బయటికి నడిచాడు. గేటు దగ్గర కుళాయి కింద చేతులు కడుక్కుని, తుడుచుకోకుండానే కారెక్కాడు. వెనకొచ్చిన తొమ్మిదిమందీ అలాగే కడుక్కుని తడిచేతులతోనే వెళ్ళారు.

డైసీని ఖదూరీ కార్లో ఎక్కించి ముత్తన్న వచ్చేసరికి యెహోషువ అద్దాలెత్తుకుని ఉన్నాడు. తలమీద జేబురుమాలు. పెదాలు కదులుతున్నాయి. ముత్తన్న తలుపు తీసి పక్కసీట్లో కూలబడ్డాడు. కోపమంతా గొంతులోకొచ్చింది.

"ఒక్క అబద్ధం జెప్తె నీ సొమ్మేం బోయేదిరా? గిప్పుడు ఏం సదువుతున్నవ్?"

"మా తాత నేర్పిన ప్రార్థన అన్నా."

"గిప్పుడు సదివితె ఏం ఫాయిదా?"

"లేదన్నా. ఒక్కడే చదివితే చెల్లదు."

ముత్తన్నకి అర్థం కాలేదు. కారు రిఫా దారి పట్టింది. సిలువ అటూ ఇటూ ఊగుతోంది.

గుంటూరు దగ్గరి ఆ పల్లెలో తాతను మట్టిచేసిననాడు నిలబడ్డ పదిమంది యూదుల్లో యెహోషువ పదోవాడు.