మంగళవారం పడవ

"వీడి పడవని ఈ ఏడాదంతా నీళ్లు ముట్టనివ్వకండి నానా!" అంటూ పంచాయితీ మధ్యలో నిలబడి వేలు చూపించాడు బైడూ. విదేశీ చేపల ఓడకి ఇక్కడి ఏజెంటు అతను. మడత నలగని చొక్కా, చేతిలో పెద్ద ఫోను.

"అబద్ధం! నిన్న మంగళవారం, నా పడవ ఇసుక మీదే ఉంది. వల బాగుచేసుకుంటూ కూర్చున్నా," అన్నాడు ఎబో. పడవ ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. పైగా ఆ ఓడని రేవంతా వినేలా తిట్టింది వాడే. ఇప్పుడు కాదంటే ఎవరు నమ్ముతారు?

మా వైపు పెద్దలని నానా అంటారు. పడవలవాళ్లందరికీ పెద్ద నానా ఎజిర్. ఇంటి ముందు స్టూలు మీద కూర్చుని, పక్కన కట్టేసి ఉన్న గొర్రె మెడ నిమురుతున్నాడు. మా రేవులో మంగళవారం సముద్రానికి సెలవు. ఆ రోజు పడవ దింపినవాడు ఎంతటివాడైనా సముద్రానికి గొర్రెనిచ్చి తప్పు ఒప్పుకోవాల్సిందే.

"ఏం జరిగిందో సరిగ్గా చెప్పు," అన్నాడు నానా.

"నిన్న మా ఓడ వల లాగుతుంటే, తలకీ మొహానికీ గుడ్డ చుట్టుకుని ఒకడు చిన్న పడవలో వచ్చి అడ్డం నిలబడ్డాడండి. కేకలేసినా కదలడు. చేసేది లేక సగంలో వల ఎత్తేశాం. ఎన్ని చేపలు పోయాయో! మా మీద అంత కసి వీడికి కాక ఎవడికుంది?"

"పెద్ద ఓడలు ఉండాల్సింది నడిసముద్రంలో కదా. అంత దూరం ఒక్కడే తెడ్డేసుకుని వచ్చాడా? కథలు చెప్పకు బైడూ," అన్నాడు నానా.

బైడూకి ఉక్రోషం ముంచుకొచ్చింది. "కథలా? మా కెప్టెన్ వీడియో తీశాడు. మీరే చూడండి!"

ఫోను చేతులు మారింది. అలల మీద చిన్న పడవ ఊగుతోంది. ముసుగు మనిషి ఓడకేసి తీరిగ్గా చెయ్యి ఊపుతున్నాడు. వాడి వెనకాల తెల్లటి గంట గోపురం.

"ఇది మన చర్చేగా!" అంది చేపలమ్మే ఆవిడ.

"అవును మరి! మీ మనిషేనని తేలిందిగా?" అన్నాడు బైడూ, గెలిచేసినట్టు. "మంగళవారం ఎవడూ ఉండడనేగా మేము ఇంత దగ్గరికి..." అని నాలుక కరుచుకున్నాడు.

చివరి బల్ల మీద వేయించిన చేపతో కెంకే అనే మొక్కజొన్న ముద్ద తింటున్న ఒకావిడ వేళ్లు తుడుచుకుని లేచింది.

"మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్‌ని. నానా రమ్మంటే వచ్చాను. తీరం దగ్గరి నీళ్లు పడవలవాళ్లవని చట్టం. ఎవరు ఫిర్యాదు చేసినా, మా ఓడ నడిసముద్రంలో ఉందనేవారు మీరు. ఈ సాక్ష్యం కోసమే చూస్తున్నాం. ఆ ఫోను ఇటివ్వండి. ఓడని ఇవాళే ఆపిస్తాను."

బైడూ మొహాన నెత్తురు చుక్క లేదు. జనం ఈలలు వేశారు. ఎబో ఎగిరి గంతేశాడు.

నానా చెయ్యెత్తాడు. "ఆగండర్రా. ఓడ సంగతి ఆవిడ చూసుకుంటుంది. మంగళవారం పడవ దింపినవాడి సంగతి మనం చూసుకోవాలి. కట్టుబాటు కట్టుబాటే."

ఎబో నీరుగారిపోయాడు. "నానా, నేను కాదని ఎన్నిసార్లు..."

"నువ్వని నేనన్నానా? ముందు ఈ గొర్రెని ఒడ్డుకి తోలుకెళ్లు."

తాడు విప్పబోయి ఆగాడు ఎబో. పొద్దున పంచాయితీకి ఎవరూ రాకముందే ఈ గొర్రె ఇక్కడ కట్టేసి ఉంది.

"నానా, ఇది ఎవరి తప్పుకి?"

"నా తప్పుకే. నేనే తోలుకెళ్లేవాణ్ణి గానీ, నిన్న తెడ్డు వేసీ వేసీ భుజాలు రెండూ పట్టేశాయిరా."