కలిపిన గొట్టం

నువ్వు చేసిన నేరం నా నెత్తిన రుద్దావు, బాబాయ్.

కారుకు పిచ్చి వేగం తెచ్చే నైట్రస్ సిలిండరు డిక్కీలో ఉంటే తప్పు లేదు. గొట్టం ఇంజనుకు కలిపి రోడ్డెక్కితేనే నేరం. అందుకే మన షెడ్డులో సిలిండరు బిగించినా, గొట్టం విప్పాకే నేను కస్టమరుకు కారు అప్పగిస్తాను. "ఒక్కసారి రుచి చూపిస్తే వాడే మళ్లీ వస్తాడురా" అంటూ ఒక కస్టమరు కారుకు నువ్వే కలిపావు. కారు పోలీసులకు పట్టుబడగానే, "మా అన్న కొడుకు తలతిక్క పని సార్" అన్నావు.

సరే, కేసు నా మీదే ఉండనీ. లైసెన్సు పోతే పోనీ.

నీ కారులో డ్రైవింగు నేర్చుకుంటున్న చెల్లి, నీ కూతురే, నిన్న ఫోన్ చేసింది. "అన్నయ్యా, గేరు పక్కన ఈ ఎర్ర మీట దేనికి? నాన్నని అడిగితే నీకెందుకే అంటాడు."

ఆదివారంలోగా ఆ మీటతో నైట్రస్ వదిలే నీ కారు గొట్టం విప్పి, విప్పానని జవాబు రాయి. లేదంటే నేనే వచ్చి ఊడబీకుతాను.