డోలీలు రాని ఏడాది

“ఇదేమిటయ్యా భీముడూ, ఆసుపత్రికి పచ్చి వెదురు కర్రతో వచ్చావు? నన్ను కొడతావా ఏమిటి?” డాక్టర్ సర్వేశ్వరరావు హుషారుగా నవ్వాడు.

హుషారు ఎందుకుండదు! జిల్లా నుంచి అధికారి ధనరాజు తనిఖీకి వచ్చాడు. ముందే మందేస్తే తగ్గిపోయే జ్వరాలు, విరేచనాలు ముదిరి, ప్రాణం మీదికి వచ్చాక ఆసుపత్రిలో చేరినవెన్నో లెక్క చూస్తున్నాడు. ఆ అంకె ఎంత తగ్గితే డాక్టరుకి అంత మంచిపేరు. భీముడి కొండ ఊరి నుంచి నిరుడు, వెదురు కర్రకి దుప్పటి కట్టి రోగిని మోసే డోలీలు పదహారు దిగాయి. ఈ ఏడు, 2003లో, డిసెంబరు దాకా ఒక్కటీ లేదు.

“సున్నా! ఎలా సాధించారండీ?” అన్నాడు ధనరాజు.

“ముదరబెట్టి డోలీలో తెస్తే ఊరుకోనని గట్టిగా చెప్పాను సార్. అవగాహన! ఏం భీముడూ?”

“సెప్పినారు బాబూ. మరి తేనేదు.” భీముడు చేతులు జోడించాడు. “మా గుంటకి నాలుగు రోజులై జొరం. నర్సమ్మని ఓపాలి పంపండి బాబూ.”

ధనరాజు కాగితం తిరగేశాడు. “నర్సుని కేసులున్న ఊళ్లకే పంపుతామయ్యా. మీ ఊరికేం, నిక్షేపంలా ఉంది!”

నిక్షేపమట! ఆ కొండెక్కి చూసిన పాపాన పోలేదు పెద్దమనిషి. సర్వేశ్వరరావు నాలుగు మాత్రలు తీసి భీముడి చేతిలో పెట్టాడు.

“ఇంతకీ ఆ కర్రెందుకు?” ధనరాజు అడిగాడు.

“డోలీకి బాబూ. ఈ ఏడు ఇది పన్నెండోది.”

“డోలీకి ఒక్క కర్ర చాలదూ? ఎలా విరగ్గొడుతున్నారయ్యా!”

“ఒక్కటీ ఇరగనేదు బాబూ.”

“కాఫీ బస్తాలు మోస్తారులెండి సార్,” అంటూ సర్వేశ్వరరావు టీ తెప్పించాడు. ధనరాజు సున్నా కింద సంతకం పెట్టాడు.

భీముడు కర్ర భుజాన వేసుకుని మెట్లు దిగాడు. పక్కనే ఉండి అంతా విన్న నర్సు, కొత్తగా బదిలీ మీద వచ్చిన నూకరత్నానికి మనసొప్పలేదు. మందుల సంచీ తగిలించుకుని గేటు దగ్గర అతన్ని అందుకుంది.

“పద భీముడన్నా, నేనొస్తాను. ఆళ్లేటనుకుంటే నాకేటి! అవున్గానీ, ఇరగని కర్రలు పదకొండూ ఏటి సేసినారు?”

భీముడు కర్రని రెండో భుజానికి మార్చుకున్నాడు.

“పీనుగుని మోసిన కర్ర మల్లా ఊళ్లోకి తేము.”