నిమిరే పని

కడియం నర్సరీలన్నీ అద్దాల కిందికి చేరిపోయాక మొక్కలకి గాలన్నదే తగలకుండా పోయింది. గాలికి నాలుగుసార్లు ఊగితేగాని కాండాన్ని గట్టిపరిచే జన్యువు మేలుకోదు. అది మేలుకోకపోతే మొక్క సన్నగా సాగి ఒరిగిపోతుంది. అందుకని గాలి చేసే పనికి మనుషుల్ని కూలికి పెట్టారు. పొద్దుటినుంచీ సాయంత్రం దాకా నారుని చేత్తో నిమరడమే పని.

నూకరత్నం వరుసలో బంతినారు మాత్రం బెత్తెడు దాటలేదు. కొత్త సూపర్‌వైజరు ఏస్తేరు వంగి చూసింది.

"మరీ గట్టిగా నిమిరేత్తన్నావు పిన్నీ. తుఫానొచ్చిందనుకుని బెదిరిపోయి ఎదగడం మానేశాయి. ఇలాగైతే నిన్ను పనిలోంచి తీసేత్తారు."

అంటూనే నూకరత్నం చేతిమీద తన చెయ్యి వేసి, ఆకుల మీదుగా మెల్లగా నడిపించింది.

"ఇంత తేలిగ్గా. తెలిసిందా?"

తెలియకేం? ముప్పై ఏళ్లు నారు పెంచిన చెయ్యి అది. కానీ మొగుడు పోయిన ఈ నాలుగేళ్లలో ఆ చేతిని ఒక మనిషి పట్టుకోవడం ఇదే మొదలు. ఆ వెచ్చదనం మోచేతి దాకా పాకింది.

నూకరత్నం తల ఎత్తలేదు.

"తెలీలేదమ్మా," అంది. "ఇంకొక్కసారి సూపిత్తావా?"