అచ్చు తీసిన గుండు

"జర ఆగుండ్రి సారూ! గాడ డ్రిల్లు పెట్టకుండ్రి."

పోశవ్వ చీపురు పారేసి వచ్చి గోడకు అడ్డం నిలబడింది. ఆబిడ్స్‌లోని ఆ కాలేజీలో ఇరవయ్యేళ్లుగా ఊడుస్తున్న మనిషి. ఆమె వెనక, కొత్త జనరేటర్ గది చుట్టూ కట్టిన సిమెంటు గోడ అచ్చం రాతిగుండులాగే ఉంది. గది కోసం అక్కడి అసలు గుండును పగలగొట్టేముందు, దానిమీదే రబ్బరు అచ్చు తీయించాడు ఇంజనీరు కార్తీక్. చిన్న పగులు కూడా పొల్లుపోలేదు. చెట్ల మధ్య దాన్ని చూసినప్పుడల్లా అతనికి తన పనిమీద తనకే ముచ్చటేస్తుంది.

ఇప్పుడు దాని నిండా పసుపు, మూడు కుంకుమ బొట్లు.

"మళ్లీ పెట్టావా అవ్వా? పదకొండింటికి ప్రారంభోత్సవం. బొట్లు కనిపిస్తే నీ ఉద్యోగం ఊడుతుందని ప్రిన్సిపాల్‌గారు నిన్ననే చెప్పారుగా!"

"చెప్పిన్రు. గని అమ్మ పొద్దుగాల్నుంచి గుర్రుమంటుంది సారూ. చెయ్యి పెట్టి చూడుండ్రి, ఒళ్లు కాలుతుంది."

కార్తీక్ అరచెయ్యి ఆనించాడు. నిజమే, గోడ వెచ్చగా ఉంది. లోపల్నుంచి సన్నని అదురు. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, వెంటనే నవ్వొచ్చింది.

"జనరేటర్ అవ్వా! సోమవారమే బిగిస్తామన్నారు కాంట్రాక్టరువాళ్లు. ఆన్ చేసి, తాళం వేసుకుని చాయ్‌కి పోయినట్టున్నారు మహానుభావులు."

"అసలు గుండు పగలగొట్టిననాడు గూడ గిట్లనే గుర్రుమన్నది."

"నీకు అమ్మ కావాలా, కొలువు కావాలా?"

 ఇంట్లో మంచానపడ్డ మొగుడు గుర్తొచ్చాడు కాబోలు, పోశవ్వ కొంగుతోనే పసుపు, బొట్లు తుడిచింది. కళ్లనీళ్లు మాత్రం ఆగలేదు.

"తప్పాయె తల్లీ," అని లెంపలేసుకుని పక్కకు తప్పుకుంది.

శిలాఫలకం కోసం, బొట్లు తుడిచిన చోటే కార్తీక్ నాలుగు రంధ్రాలు వేశాడు. నాలుగోది పూర్తవుతూనే అదురు ఠక్కున ఆగిపోయింది.

"చూశావా, ఆఫ్ చేశారు. ఇక ఫికర్ పెట్టుకోకు."

గోడ అంతలోనే చల్లబడిపోయింది. ఇంత తొందరగానా అనుకున్నాడు గానీ, పని హడావిడిలో పట్టించుకోలేదు.

గేటు దగ్గర లారీ హారన్ మోగింది. ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ రవిచంద్ర గది తాళంచెవి ఊపుకుంటూ పరుగున వచ్చాడు.

"ఏమనుకోకుండ్రి సార్, రెండ్రోజులు లేటైంది," అన్నాడు రొప్పుతూ. గేటు దగ్గరి లారీ చూపిస్తూ మళ్లీ అడిగాడు:

"జనరేటర్ ఏడ దించాలె?"