మొదటి తుపాకి

“తుపాకి పేలి కళ్ళు పోయాయన్నావే, ఆ నీ స్నేహితుడికి ఫోన్ చెయ్యి. అతన్నే అడుగుదాం” అన్నాడు అబ్దుల్ బాసిత్.

షావలి ఫోను బయటికి తియ్యలేదు.

కువైట్‌లో, ఖైతాన్ పేటలో పాత సామాన్ల కొట్టు అది. బల్ల మీద రెండు తుపాకులున్నాయి. గొట్టం మూతిలోంచి మందూ గుండూ కూరి పేల్చే పాతకాలపువి. ఒకదానికి మూతి నుంచి మడమ దాకా వెండి పట్టీలు. రెండోది మామూలుది, నల్లగా ఉంది.

అరవై ఏళ్ళొచ్చినా అబ్దుల్ బాసిత్ తుపాకి కొనడం ఇదే మొదలు. వచ్చే నెల కొడుకు పెళ్ళి. మగవాళ్ళు కత్తులూ తుపాకులూ పట్టుకుని ఆడే ఆటలో, పెళ్ళికొడుకు దీన్ని పేల్చాలని ఆయన ముచ్చట. ఆయన కళ్ళు వెండి పట్టీల మీదనుంచి కదలడం లేదు.

షావలి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. రుమైథియాలో ఆయనింట ఎనిమిదేళ్ళుగా డ్రైవరు, యజమానిని ‘బాబా’ అంటాడు. ప్రతి శుక్రవారం కారులో కూర్చుని రాయచోటికి ఫోన్ చేస్తాడు. ఎవరితో అని ఒకసారి ఆయన అడిగితే, మునాఫ్ సంగతి చెప్పాడు.

చెనక్కాయ చేలో అడవిపందులు పడుతున్నాయని మునాఫ్ ఒక నాటు తుపాకి కొన్నాడు. మొదటి దెబ్బకే గొట్టం చీలి ముఖం మీద పేలింది. ‘మందు నేనే ఎక్కువ కూరినా’ అని పోలీసులకు చెప్పాడు. ఎవరి మీదా మాట రానివ్వలేదు. షావలి చూడటానికి వెళ్ళాడు. ఆసుపత్రి మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాడు. నెల తిరక్కుండానే కువైట్ విమానం ఎక్కాడు.

ఇన్నేళ్ళలో వాళ్ళు వానల గురించి మాట్లాడుకున్నారు. పంట గురించి, మునాఫ్ బిడ్డల చదువు గురించి మాట్లాడుకున్నారు. తుపాకి మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

“పనిలో ఉంటాడేమో బాబా” అన్నాడు షావలి.

“రెండు నిమిషాలే. యల్లా, చెయ్యి.”

రెండో రింగుకే మునాఫ్ పలికాడు. “ఏందన్నా, శుక్రవారం కాకుండానే చేసినావు?”

షావలి స్పీకరు పెట్టి, తడబడుతూ విషయం చెప్పాడు. అవతల కోడిపెట్ట అరుపు ఒకటి వినిపించింది.

“ఎవురు కాలుస్తారు దాన్ని?” అన్నాడు మునాఫ్ చివరికి.

“బాబా కొడుకు. పెండ్లికొడుకు.”

“వయసెంత?”

“ఇరవై నాలుగు.”

“నాకూ అప్పుడు అంతే” అన్నాడు మునాఫ్. “సరే, చెప్తా. ముందు మందు కూరే గజం కడ్డీ లోపలికి దూర్చి చూడు. అడుగు దాకా పోతాందా? పాత మందు యాడన్నా మిగిలిందేమో.”

షావలి రెండింటిలోనూ చూశాడు. మిగల్లేదు.

“మూతిలో ఊదు. మందు అంటుకునే బెజ్జంలోనుంచి గాలి వస్తాందా?”

వచ్చింది.

“ఇప్పుడు గొట్టాలు కొయ్యలోనుంచి ఊడదీయించు. దారం కట్టి, గాల్లో ఏలాడదీసి, ఇనప చువ్వతో తట్టు. ఫోను దగ్గర పెట్టు.”

కొట్టాయన గొణుక్కుంటూ గొట్టాలు ఊడదీశాడు. షావలి ముందు నల్లదాన్ని తట్టాడు. గుడిగంటలా ఖంగుమంది. ఆ మోత చాలాసేపు గాల్లో నిలిచింది.

వెండి పట్టీలదాన్ని తట్టాడు. ‘ఠప్’ మని చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోయింది. ఈసారి వేరేగా మోగుతుందేమోనని మళ్ళీ తట్టాడు. మళ్ళీ అదే.

“చాల్లే అన్నా. రెండోసారి తట్టింది వద్దు. లోపల యాడో బీట ఉండాది. పైకి కనపడదు.”

తెలుగు రాని అబ్దుల్ బాసిత్ ముఖం చిట్లించాడు. “ఏమంటున్నాడు? ఇదే అందంగా ఉంది కదా?”

‘బాగుందంటున్నాడు’ అనేస్తే ఈ ఫోను ఇక్కడితో తెగిపోతుంది. షావలి నాలుక చివరిదాకా వచ్చిందా మాట. పెళ్ళికొడుకు ముఖం కళ్ళ ముందు మెదిలింది.

“వద్దు బాబా. పగులుంది. పేలిస్తే మీ అబ్బాయి ముఖం మిగలదు.”

ఆయన వెండి తుపాకి మీదనుంచి చెయ్యి తీసేశాడు. “ఖలాస్. నల్లదే తీసుకుందాం. చప్పుడుతో పగులు పట్టాడే, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నాడో అడుగు.”

షావలి అడిగాడు.

“మా పక్క తుపాకులు చేసే ఆయన ఒకాయన ఉన్యాడని చెప్పు. ఆయన తట్టేటప్పుడు చూసి నేర్చుకున్నా. మంచి పనిమంతుడు.”

“ఊళ్ళో ఎవరో ఒకాయన దగ్గర, బాబా” అన్నాడు షావలి, నేల చూస్తూ.

నల్ల తుపాకిని గుడ్డలో చుట్టించి, అబ్దుల్ బాసిత్ సంతోషంగా కారు దగ్గరికి నడిచాడు. షావలి స్పీకరు ఆపి ఫోను చెవికి ఆనించుకున్నాడు.

“మీ బాబా పక్కన ఉన్యాడా?”

“లేడు. బయటికి పోయినాడు.”

“ఒక పిల్లోని కండ్లు కాపాడినావు. మంచి పని.”

“నాదేముంది మునాఫ్. నువ్వు చెప్పబట్టే.”

మునాఫ్ గొంతులో కోపం లేదు. పంట సంగతి అడిగినంత నిదానంగా అడిగాడు.

“ఎనిమిదేండ్ల కింద నాకు తుపాకి చేసిచ్చిన పొద్దు నువ్వు ఇట్లనే తట్టి చూసినావు గదన్నా, ఆ పొద్దు అది ఎట్ల మోగింది?”